మూడో కుర్చీ

అలలపై అడుగు మోపిన ప్రభువుకు, పడవవారి పాలిటి పెన్నిధియైన పునీత నికొలాయ్‌కి తల వంచి, మా వోల్గా ఒడ్డున జరిగిన కథ చెబుతున్నాను.

ఆనకట్ట వెనుక నీరు పెరుగుతున్న వసంతమది. చక్రవర్తులు నదీప్రయాణంలో విడిది చేసిన మా పాత రాజభవనం మునిగిపోనుంది. దాని కావలి నికాండర్ చలికాలంలోనే కన్నుమూసి, తోటలో సమాధి అయ్యాడు. సమాధిని తరలించడానికి అనుమతి రాలేదు. నలభై ఏళ్ల తోడును నీటి అడుగున ఒంటరిగా వదిలి వెళ్లడమెలాగన్నదే అతని భార్య పెలగేయ దిగులు.

ఒకనాటి ఉదయం, పొగమంచులో, ఆమెను తీసుకుపోవడానికి పడవ నడిపే తెరెంతీ వచ్చాడు.

“బయలుదేరే ముందు కాసేపు కూర్చుందాం, నాయనా. కూర్చోకుండా ప్రయాణం కట్టకూడదు, అది మన ఆచారం.”

“నీళ్లు మెట్లెక్కుతున్నాయి, పిన్నీ. రాజుగారి కుర్చీ మీద మోజుంటే నలభై ఏళ్లలో ఎప్పుడో కూర్చోవలసింది. ఎక్కు.”

ఆమె ఎక్కింది. పడవ ప్రవాహం వెంట గంటసేపు సాగింది. మంచు పలచబడేసరికి ఎదుట అదే భవనం, అవే మెట్లు. తెరెంతీ మళ్లీ తెడ్డు వేశాడు. రెండవమారూ అక్కడికే చేరారు. ఈసారి మేడమీద కిటికీ తెర కదిలింది.

“లోపల ఎవరున్నారు, పిన్నీ?”

“మీ బాబాయి తాళం వేస్తే ఈగ కూడా దూరదు. కూర్చుందామన్నాను, విన్నావా?”

వారు తాళం తీసి లోపలికి వెళ్లారు. పెలగేయ తెల్లగుడ్డలు కప్పిన కుర్చీలు మూడింటిని దగ్గరికి లాగింది.

“మూడెందుకు?”

“ప్రయాణమయ్యేవాళ్లందరూ కూర్చోవాలి కదా.”

ఇద్దరూ కూర్చున్నారు. మూడో కుర్చీ కిర్రుమంది. దానిపై గుడ్డ మెల్లగా కుంగింది. తెరెంతీ టోపీ తీసి గుండెకు అదుముకున్నాడు.

“దేవుడే తోడు. ఇక పోదాం,” అని పెలగేయ లేచింది. ఆ వెనుకనే, మోకాళ్ల నొప్పుల మనిషి లేచినంత నిదానంగా, గుడ్డ కూడా పైకి లేచింది.

ఈమారు పడవ తిన్నగా సాగింది. కానీ దాని ముందుభాగం జానెడు లోతుకు దిగి ఉంది.

“పిన్నీ, ముందువైపు బరువు...”

“ఆయనకి వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. నువ్వు తెడ్డు వెయ్యి.”

ఆమె శాలువ విప్పి, ఎవరూ లేని ముందుబల్లపై కప్పింది. అది జారి పడలేదు.

ఈ కథ విన్న మీ అందరి ప్రయాణాలలోను మీ పక్కన మీవారు ఉందురు గాక. ఏ ఒడ్డునా ఎవరూ ఒంటరిగా మిగలకుందురు గాక.