అంగుళం ప్లాస్టర్

ఎడమచేతి వేళ్ళ మధ్య తడిగుడ్డ, గుడ్డలోంచి దారం, కుడిచేతిలో చుట్టుడు యంత్రం పిడి. గేలపు సామాన్ల కొట్లో, కిటికీ కింద బల్ల దగ్గర చుట్టలాయన అప్పటికే నాలుగో రీలు చుడుతున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా గేలపు కర్రల రీళ్ళకి దారం చుట్టడమే పని కాబట్టి ఆ పేరు. కొత్తవాళ్ళు పొగచుట్టలనుకుంటారు. ఆయన జన్మలో పొగ తాగి ఎరగడు. ఉన్న పొగంతా లోపలే.

బల్ల అంచున అంగుళం చొప్పున కత్తిరించిన, దెబ్బలకి అంటించే గుడ్డ ప్లాస్టర్ ముక్కలు వేలాడుతున్నాయి. రోజూ పొద్దున ఎన్ని రీళ్ళుంటే అన్నే కోస్తాడు. ఇవాళ పదకొండు. ఈ అల్లిన దారం చూడ్డానికి పట్టులా ఉంటుంది, దానికి పట్టు మాత్రం ఉండదు. రీలు లోపలి నున్నటి లోహపు కండె మీద తిన్నగా చుడితే, ముడి ఎంత బిగించినా, పెద్దచేప లాగగానే చుట్టంతా కలిసి, బక్కచిక్కిన వేలికి ఉంగరంలా గిర్రున తిరుగుతుంది. పిడి ఎంత తిప్పినా దారం లోపలికి రాదు. అందుకని ముందు కండెకి ఓ ప్లాస్టర్ ముక్క అంటించి, దానిమీద చుట్టాలి. దారానికీ ఓ ఆధారం కావాలిగా! చుట్టేశాక ఆ ముక్క ఎవరికీ కనపడదు. చుట్టలాయనా అంతే.

కనపడేది తోడల్లుడు. అల్లిన దారమైనా జారుతుందేమో గానీ తోడల్లుడు ఎక్కడా జారడు. ఎదురుగోడ మీద, అద్దాల ఫ్రేములో, ఆరేళ్ళుగా నవ్వుతున్నాడు. చేతుల్లో చంటిపిల్లంత చేప. పక్కన ఓ మోచెయ్యి. అది చుట్టలాయనది. ఆ రోజు పక్కనే నిలబడితే, ఫొటోలో అంతవరకే దక్కాడు.

పొద్దున భార్య కూడా చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ అననే అంది. "మా చెల్లెలి మొగుడు పలకరిస్తే వీధంతా పలుకుతుంది. మీరు పలకరిస్తే నేనే పలకను."

పదింటికి ఆ నవ్వు గోడ దిగి గుమ్మంలోకి వచ్చినట్టు తోడల్లుడే వచ్చాడు. కార్లు నడపడం నేర్పే మాస్టారు. గొంతు హారన్ కన్నా ఓ మెట్టు పైనే.

"అన్నయ్యా! రేపే చెరువు పోటీ. నా రీలు నువ్వే చుట్టాలి. నువ్వు చుడితే కొండని కట్టి లాగొచ్చు!"

"లాగేది నువ్వేగా."

"లాగేదీ నేనే, ఫొటోకి నిలబడేదీ నేనే!"

కొట్లో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. యజమాని కాఫీ తెప్పించాడు. ఇరవై ఆరేళ్ళలో చుట్టలాయనకి అక్కడ ఎవరూ కాఫీ తెప్పించలేదు. తెచ్చింది మాత్రం ప్రతిసారీ ఆయనే. ఇవాళా ఆయనే తెచ్చాడు.

పన్నెండో ముక్క కోసి బల్ల అంచున వేలాడదీసి, రీలు బిగించాడు. చెయ్యి అలవాటుగా బల్ల అంచుకి వెళ్ళింది. ప్లాస్టర్ ముక్కని తాకింది. వెనక్కి వచ్చింది. వట్టి కండెకే ముడివేసి, ఎప్పటికన్నా అందంగా చుట్టి ఇచ్చాడు. రేపు గట్టునిండా జనం చూస్తుండగా, తోడల్లుడు పిడి తిప్పుతూనే ఉంటాడు, దారం రాదు. ఆ బొమ్మ నంజుకుంటే మధ్యాహ్నం చల్లారిన అన్నం కూడా రుచిగా ఉంది.

సాయంత్రం ఆరింటికి బల్ల తుడుస్తుంటే అంచున ఒక్క ముక్క మిగిలింది. యజమాని కంట పడనే పడింది.

"ఏవయ్యా, ఎన్నడూ లేంది ఒకటి మిగిల్చావ్? ఎవరి రీలో జారుతుంది చూసుకో."

"ఎక్కువ కోశానేమోనండీ."

అన్నాడు గానీ, అప్పుడు తట్టింది. రేపు దారం జారితే జనం నవ్వి ఊరుకోరు. "చుట్టిందెవరు?" అంటారు. జన్మకోసారి తన గురించి అడిగేది అందుకా! ముక్కని ఊడదీసి బొటనవేలి గోటికి అంటించుకుని, చొక్కా గుండీలు సర్దుకుని, ఆ రీలు మళ్ళీ చుట్టిద్దామని బయల్దేరాడు.

తోడల్లుడి ఇల్లు రెండు వీధుల అవతల. కొట్లో ఆ ఫొటో ఎక్కినప్పటినుంచీ చుట్టలాయన ఆ గడప తొక్కలేదు. గుమ్మం బయట చెప్పులు. ముప్పై జతలకి తక్కువుండవు. పోటీ రేపైతే సన్మానం ఇవాళేనా అనుకుంటూ తన జత ఓ పక్కగా విడిచాడు.

లోపల మరదలు గోడకి ఆనుకుని కూచుంది.

"బావా... నాలుగింటికి కునుకు తీసి లేచి టీ అడిగారు. తెచ్చేసరికి లేరు. మీ కొట్టుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. అక్క వస్తోంది."

మంచం మీద తోడల్లుడు, మొదటిసారిగా చప్పుడు లేకుండా. జనం వస్తూనే ఉన్నారు. తను పోతే ఇన్ని జతలుంటాయా అన్న లెక్క, వద్దంటున్నా, అప్పుడు కూడా మనసులో మొదలైంది. సిగ్గేసి తల తిప్పుకున్నాడు.

ఆ గోడమీదా అదే ఫొటో. అదే గానీ, వెడల్పు. చేప పక్కన మోచెయ్యి, మోచేతికి భుజం, ఆపైన ఎండకి కళ్ళు చికిలించుకున్న చుట్టలాయన, రెండు చేతులా రీలు పట్టుకుని.

"కొట్లో ఫ్రేము చాల్లేదని మిమ్మల్ని కోసేశారట కదా బావా," అంది మరదలు ఆయన చూపు చూసి. "ఈయన వాళ్ళతో పోట్లాడి వచ్చి, నిండు ఫొటో కట్టించుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ అదే చూపించేవారు. మా అన్నయ్య లేకపోతే ఆ చేప ఇంకా చెరువులోనే ఉండేదని."

ఫొటో కింద బల్లమీద రీలు ఉంది. చుట్టలాయన వేళ్ళతో దారం కొస పట్టుకుని లాగాడు. పిడి కదల్లేదు. చుట్టంతా మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా, గిర్రున తిరిగింది.

ఆయన పక్కకి తప్పుకున్నాక, రీలు మీద, నిగనిగలాడే దారం పైన, అడుగున ఉండవలసిన ప్లాస్టర్ ముక్క, అంగుళమంత, అంచులు నలిగి.