పంపుకు కాపలా కాసిన బల్బు

త్రినాథరావు తనను కట్టుకున్నాడో పంపును కట్టుకున్నాడో తేల్చి చెప్పమని నీలవేణి అడగని రోజు లేదు.

ఆమె అడగడంలోనూ న్యాయం ఉంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి నీళ్లు తోడే పంపుహౌసు అర్పా నది ఒడ్డున, క్వార్టర్లకు కాస్త ఎడంగా ఉంది. అందులో మోటారు బేరింగు ఒకటి ముసలిదైపోయింది. కొత్తది వస్తుందని రెండు వేసవులుగా అంటున్నారు. అది వచ్చేదాకా పాతదాన్ని కనిపెట్టుకుని ఉండాల్సినవాడు త్రినాథరావు. రెండో ఆపరేటరు పోస్టు ఖాళీ. ఉదయం, సాయంత్రం మోటారు తిరిగినంతసేపూ అతను బేరింగు మీద మాటిమాటికీ అరచెయ్యి తిరగేసి ఆనించి చూడాలి. చెయ్యి తాళలేకపోతే మోటారు ఆపి, నూనె పోసి, చల్లారనిచ్చి మళ్లీ వెయ్యాలి. ఏమరితే మోటారు కాలిపోతుంది, కాలనీ నోరు ఎండిపోతుంది.

"జొరమొచ్చిన పిల్లని సూసినట్టు సూస్తన్నావు దాన్ని. నాకు జొరమొస్తే ఒక్కపాలైనా సెయ్యేసి సూసినావేటి?" అనేది నీలవేణి.

"నువ్వు కాలిపోతే కాలనీకి నీళ్లు ఆగిపోవు గదే," అనేవాడు అతను, చెంబు అందుకుంటూ.

ఈ వెటకారాల కింద ఒక బాధ ఉంది. త్రినాథరావు తప్పెటగుళ్లు ఆడేవాడు. రొమ్ముకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని అడుగేస్తే నేల కూడా తాళం వేస్తోందా అనిపించేది. విజయనగరం అవతల వాళ్ల ఊళ్లో, అలా ఆడుతుండగా చూసే నీలవేణి పెళ్లికి తలూపింది. బిలాస్‌పూర్‌లోనూ మన తెలుగువాళ్లంతా చేసుకునే అమ్మవారి పండగకు జట్టును నడిపేది అతనే. బేరింగు ముసలిదయ్యాక రెండేళ్లుగా పండగ సాయంత్రం పంపుహౌసులోనే. పోయినేడు నీలవేణి గిన్నెలో పులిహోర పట్టుకెళ్తే, అతను ఒక చెయ్యి బేరింగు మీద పెట్టుకుని, దూరాన వినిపించే తప్పెట్లకు ఒంటరిగా అడుగులు వేస్తున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి వెళ్తే ఆపేస్తాడని.

ఈ ఏడు మాత్రం అతను ఆడాల్సిందే అనుకుంది.

ఆమె అన్న శంకరరావు సిగ్నల్ ఫిట్టరు. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, చేపల పులుసు వడ్డించి, విషయం చెప్పింది. శంకరరావు చేపముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు.

"కాలిపోయిన ఇస్త్రీపెట్టె ఉందేటి ఇంట్లో?"

"ఉంది. మీ బావ కాల్చిందే."

ఇస్త్రీపెట్టెలో వేడి ఎక్కితే వంగిపోయే రేకు ఒకటి ఉంటుంది. ఆ రేకు వంగగానే కరెంటు తెగిపోతుంది. శంకరరావు దాన్ని ఊడదీసి, తిరగేసి అమర్చాడు. వేడెక్కితే ఇప్పుడు తీగలు కలుస్తాయి, ఇంట్లో గంట మోగుతుంది. ఎంత వేడికి మోగాలో తేల్చింది నీలవేణి. స్టీలు గ్లాసులో నీళ్లు కాచి, చీరకొంగు లేకుండా పట్టుకోలేనంత వేడెక్కాక, "ఇదిగో, ఇంత," అంది. గ్లాసుకు రేకును ఆనించి, సరిగ్గా ఆ వేడికే మోగేలా దాని మరను తిప్పారు. తెలిపారా బజారులో పాతసామాను కొట్టునుంచి టెలిఫోను తీగ తెచ్చారు. సిగ్నళ్లలో వాడి తీసేసిన పెద్ద బ్యాటరీ సెల్లు శంకరరావు మోసుకొచ్చాడు. రేకును బేరింగుకు బిగించి, అక్కణ్ణుంచి క్వార్టర్ల పెరళ్ల మీదుగా ఇంటిదాకా తీగ లాగారు.

మర్నాటి నుంచి త్రినాథరావు ఇంట్లో పీట మీద కూర్చుని తిన్నాడు. గంట మోగలేదు. రెండోసారి పులుసు పోయించుకున్నాడు. గంట మోగలేదు. అలా వారం గడిచింది. ఒకనాటి ఉదయం చద్దన్నం కలుపుతూ కలుపుతూ అతను ముక్కు ఎగబీల్చాడు.

"ఏటే, నూనె మాడుస్తన్నావు?"

"పొయ్యే ఎలిగించలేదు."

అంతే. ఎంగిలిచేత్తోనే పరుగు. బేరింగు పొగలు కక్కుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే మోటారు దక్కేది కాదు. గంట ఎందుకు మోగలేదని తీగ వెంట వెనక్కి వస్తే, సౌభాగ్య పెరట్లో సంగతి బయటపడింది. తీగ మీద రెండు చీరలు, ఒక దుప్పటి, వాళ్లాయన ఖాకీ పంట్లాం ఆరేసి ఉన్నాయి. బరువుకు తీగ తెగి, దుప్పటి మట్టిలో పడి ఉంది.

"ఎవరో పుణ్యాత్ములు మంచి తీగ కట్టినారు, పెరడు పొడుగూతా ఉందనుకున్నానొదినా," అంది సౌభాగ్య. "మీదని ఎవరికి తెలుసు? నా దుప్పటీ సూడు ఎలాగయిందో!"

నీళ్ల ఫోర్‌మన్ సత్యనారాయణమూర్తికి కబురు గాలిలోనే అందింది. వచ్చి బేరింగు చూశాడు. తీగ చూశాడు. సౌభాగ్య దుప్పటి కూడా చూశాడు.

"అచ్ఛా త్రినాథ్. నాకు కావలసినవి నీళ్లు. నువ్వెక్కడ కూచున్నావో నేను చూడను. కానీ మోటారు కాలిందా, ఈ తీగ సంగతి నాకు తెలీదు, నువ్వెవరో కూడా తెలీదు. నీ ఉద్యోగం నువ్వే చూసుకో."

ఆ రాత్రి త్రినాథరావు తీగ చుట్టేయబోయాడు. నీలవేణి ఆ చుట్ట మీద కూర్చుంది. "మా అన్నయ్య వచ్చీవరకూ ఇది కదలదు."

శంకరరావు వచ్చి, జరిగింది విని, తల గోక్కున్నాడు. "బుద్ధి గడ్డి తింది బావా. మా సిగ్నల్‌కి తీగ తెగితే ఏటవుతాది? చెయ్యి దానంతటదే అడ్డంగా నిలబడిపోతాది, రైలు ఆగిపోతాది. తెగినా ఆగాలి, ఆపినా ఆగాలి. మనం ఉల్టా చేసినాం. మోగకపోతే బాగున్నట్టే అనుకున్నాం. తీగ సచ్చిపోయినా మోగదు గదేటి!"

గంట తీసేశారు. ఇస్త్రీపెట్టె రేకును దాని పుట్టుబుద్ధికే వదిలేశారు. ఇప్పుడు తీగ చివర టార్చి బల్బు. అన్నీ సవ్యంగా ఉన్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. బేరింగు వేడెక్కినా ఆరిపోతుంది, తీగ తెగినా ఆరిపోతుంది, సెల్లు నీరసించినా ఆరిపోతుంది. ఆరిందంటే పరుగెత్తడమే. ఒకసారి ఉడత కొరికింది, ఒకసారి తీగ ముడి ఊడింది. త్రినాథరావు రెండుసార్లూ వట్టినే పరుగెత్తి, ఉడతను దాని అమ్మా అబ్బా దాకా తిట్టుకుంటూ వచ్చాడు. బేరింగు మాత్రం క్షేమం.

పండగ వచ్చింది. శంకరరావు తీగను మైదానం దాకా పొడిగించాడు. పందిట్లో దీపాల వెలుగుకు టార్చిబల్బు వెలుగుతోందో లేదో తెలియదు. అందుకని దాన్ని మసి పూసిన డాల్డా డబ్బాలో పెట్టారు. డబ్బా ఒళ్లో పెట్టుకుని నీలవేణి ముందు వరసలో కూర్చుంది.

తప్పెట్లు మొదలయ్యాయి. కళ్లెత్తి ఆట చూస్తే బల్బు కనబడదు, బల్బు చూస్తే ఆట కనబడదు. ఆమె డబ్బాలోకే చూసింది.

"ఏటొదినా, డబ్బాలో సినిమా ఆడతందేటి?" అంది పక్కనున్న సౌభాగ్య.

"ఆడతంది. నువ్వు తీగ మీద బట్టలు ఆరెయ్యకపోతే చివరిదాకా ఆడతాది."

త్రినాథరావు గజ్జెల చప్పుడు ఆమెకు వేరుగా తెలుస్తోంది. జనం ఈలలు వేస్తుంటే, ఇప్పుడు గిరికీ తిరిగి ఉంటాడు అనుకుంది. ఇప్పుడు వెనక్కి వంగి ఉంటాడు అనుకుంది. డబ్బాలో చీకటైంది.

తలెత్తింది. మనుషుల మీద మనుషులు ఎక్కి నిలబడే ఘట్టం అది. అడుగున కాళ్లు ఎడం చేసి నిలబడ్డది త్రినాథరావే. అతని భుజాల మీద ఇద్దరు, వాళ్ల మీద ఇంకొకడు. అతని ముఖం వెలిగిపోతోంది. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే ఆ గోపురం కూలుతుంది.

డబ్బా సౌభాగ్య ఒళ్లో పడేసి, కుచ్చిళ్లు ఎగదోపుకుని నీలవేణి పంపుహౌసుకు పరుగెత్తింది. ఈసారి ఉడత కాదు. బేరింగు మండిపోతోంది. పెద్ద స్విచ్చు రెండు చేతులా పట్టి కిందికి లాగింది. మోటారు మూలుగుతూ ఆగింది. నూనెడబ్బా వెతికి పోసింది. అప్పుడు కూర్చుని ఊపిరి తీసుకుంది.

ఆట ముగిశాక త్రినాథరావు తప్పెటతో, గజ్జెలతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆగిన మోటారును, నూనె అంటిన ఆమె చేతులను చూశాడు.

"పిలవలేదేటే నన్ను?"

"నీ నెత్తిన అంతమంది ఉంటే ఎలాగ పిలుస్తాను? అమ్మోరి పండగనాడు కాళ్లు ఇరగ్గొట్టుకోడానికా?"

అతను చెమట తుడుచుకున్నాడు. "ఈయేడు గొప్పగా కుదిరిందే. గిరికీ సూసినావా?"

"లేదయ్యా. బల్బు సూసినాను."

అతను నవ్వబోయి ఆగాడు. బేరింగును తాకి చూశాడు. ఇంకా చుర్రుమంటోంది, మోటారు వేసే వీలు లేదు. గొట్టాల మధ్య ఖాళీ నేల మీదికి వెళ్లి తప్పెట సవరించుకున్నాడు. నీలవేణి ఖాళీ అయిన నూనెడబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. పంపుహౌసు నాలుగు గోడలూ ఒక్కసారి గజ్జె కట్టుకున్నాయి.

మొదటి పాట అయిపోయింది. రెండోది సగంలో ఉండగా కిటికీ అవతల ఫోర్‌మన్ గొంతు వినిపించింది. "అరే త్రినాథ్! కొళాయిలో చుక్క లేదు, స్నానానికి సబ్బు రాసుకున్నవాణ్ణి ఇలాగే వచ్చానయ్యా! ఇంకా ఎంతసేపు?"

త్రినాథరావు కాలు గాల్లోనే ఆగింది. నీలవేణి లేచి బేరింగు మీద చెయ్యి వేసింది. గోరువెచ్చగా, చంటిపిల్ల పొట్టలా ఉంది.

"ఇంకా సల్లారలేదు సార్," అంది కిటికీవైపు తిరిగి. "ఇంకొక్క పాటసేపు పడతాది."