కలవని ఈనె

చివరి మెలిక తిప్పి, మొదలుపెట్టిన చుక్క దగ్గరికే గీతను తెచ్చి కలిపేసరికి శివపార్వతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వేళ్ల సందుల్లోంచి ముగ్గుపిండి కారిపోతోంది. గీతను తను కలపలేదు, చెయ్యే కలిపేసింది. ఆ సమయంలో తను, పాప ఒళ్లు పొద్దున్నే ఎందుకు వెచ్చబడిందా అని ఆలోచిస్తోంది.

అయితే మొన్న పురుగు రెక్క బొమ్మ గీసినప్పుడు కూడా ఇంతేనా?

పటమటలో వాళ్లుండే వాటాకి రెండు వీధుల అవతల సుందరి మేడం ఉంటారు. పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. వ్యవసాయ కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పోయిన ఏడు ఈ గుమ్మం ముందు ఆగి, "ఎవరమ్మా ఈ ముగ్గు వేసింది? వంక పెట్టడానికి లేదే" అని అడిగారు. అప్పట్నుంచి శివపార్వతి వారానికి నాలుగు మధ్యాహ్నాలు వాళ్లింట్లో రెక్కల పురుగుల బొమ్మలు గీస్తోంది. ఇంటరు మొదటి ఏడాదిలోనే చదువు ఆగిపోయినదానికి మైక్రోస్కోపు ముందు కుర్చీ దొరుకుతుందని ఎవరనుకున్నారు?

రెక్కను స్పిరిట్‌లో తడిపి సన్న కుంచెతో పొడి రాల్చేస్తే, ఆకుకున్నట్టే ఈనెలు బయటపడతాయి. మైక్రోస్కోపు కంటి గొట్టంలో గళ్లుంటాయి. కాగితం మీదా గళ్లే. ఏ ఈనె ఏ గడిని ఎక్కడ దాటిందో అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టుకుని, చుక్కలు కలుపుతూ సిరాతో గీయాలి. తలైనా అంతే. గడియారం స్ప్రింగులా చుట్టుకున్న నోటి గొట్టం, రెండు మీసాలు, బుట్టల్లాంటి కళ్లు, అన్నీ చుక్కల మీదే తేలతాయి. ఇంతా చేసి చుక్కల ముగ్గే కదా అనుకుని మొదటి రోజు ధైర్యం తెచ్చుకుంది. ఇప్పుడు ఆ మాటే భయపెడుతోంది.

మొన్న గీసిన పురుగు పామర్రు దగ్గర వరి పొలంలో పెట్టిన దీపపు ఎరలో పడింది. అదీ ఒక్కటే. చూడ్డానికి అక్కడ రోజూ పడే గడ్డిరంగు పురుగులాగే ఉంటుంది గానీ, ఇది వేరని మేడం నమ్మకం. ఆ సంగతంతా రాసి, బొమ్మ జతచేసి, ఇవాళ పదకొండింటికి కొరియరులో ఒక సైన్సు పత్రికకి పంపుతున్నారు. వెనక రెక్క నడుమ, ఈనెలు గోడలు కట్టినట్టు చిన్న గది ఒకటుంది. దాని చివర రెండు ఈనెలు కలిశాయా, కలవలేదా? కళ్లు మూసుకుంటే బొమ్మే కనిపిస్తోంది గానీ రెక్క కనిపించడం లేదు. బొమ్మలో కలిశాయి.

గీత కలపకుండా వదలడం తన వల్ల కాదు. పోయిన శ్రావణంలో సగం ముగ్గుకే వాన అందుకుంటే, పిండి గిన్నె తడుస్తుందని లోపలికి పరిగెత్తింది. ఆ సాయంత్రమే పాప మనోజ్ఞకి జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. ఈ వయసులో కొందరికి వస్తాయమ్మా, కంగారు పడకండి అన్నాడు డాక్టరు. మర్నాడు అత్తగారు కనకలక్ష్మి గుమ్మంలో నిలబడి, సిమెంటుకి అంటుకుపోయిన ఆ సగం ముగ్గు వైపు కాసేపు చూసింది, అంతే. అప్పట్నుంచి శివపార్వతి ఒక్క మెలికా తెరిచి వదల్లేదు.

మేడంకి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పాపకి థర్మామీటరు పెట్టి చూస్తే తొంభై తొమ్మిది. జ్వరం మందు, తడిగుడ్డ, థర్మామీటరు సంచిలో వేసుకుని పాపను చంకనెత్తుకుంది.

"ఎక్కడికే ఈ చినుకుల్లో?" బెండకాయలు తరుగుతున్న కనకలక్ష్మి తలెత్తింది.

"మేడం గారింటికి అత్తయ్యా. బొమ్మలో తప్పు పోయిందేమోనని."

"పురుగు బొమ్మేగా. పురుగొచ్చి అడుగుద్దా ఏంటి, నా రెక్క సరిగ్గా గీయలేదని?"

"మేడం అడుగుతారు."

"సరే, పిల్లని ఇక్కడ ఉంచి వెళ్లు. ఆ పురుగుల పొడి కళ్లల్లో పడితే ఏంగాను?"

"ఒళ్లు వెచ్చగా ఉందత్తయ్యా. నా దగ్గరే ఉండనీయండి."

"నీ దగ్గరుంటే చల్లబడుద్దా? మీ ఆయన్ని పాతికేళ్లు పెంచి చేతికిచ్చాను, ఒక్క పూట నీ కూతుర్ని చూసుకోలేనా?"

శివపార్వతి అప్పటికే గుమ్మం దాటింది.

మేడం ఇంట్లో ఎప్పటిలాగే కలరా ఉండల వాసన. బల్ల మీద పొడుగాటి అట్ట గొట్టం మూతపెట్టి సిద్ధంగా ఉంది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

"ఇవాళ రానన్నావుగా? పాపని కూడా తెచ్చావే," అన్నారు సుందరి మేడం.

"ఒక్కసారి వెనక రెక్క చూడనిస్తారా మేడం?"

"నేను పదిసార్లు చూశాను పార్వతీ. నీ గీతకి పేరు పెట్టడానికి లేదు."

"గీత కాదండి. రెక్కే చూడాలి."

పాపను సోఫాలో పడుకోబెట్టి తువ్వాలు కప్పింది. గాజుపలక మీది రెక్కను మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది. పైనుంచి ఒక ఈనె దిగుతోంది, కిందినుంచి ఒకటి ఎక్కుతోంది. ఒకదాన్నొకటి చేరే లోపే రెండూ ఆగిపోయాయి. మధ్యలో వాకిలి తలుపు తీసిపెట్టినట్టు సందు.

పక్కకి జరిగింది. మేడం రెక్కను చూశారు. గొట్టంలోంచి బొమ్మ తీసి పరిచి చూశారు. మళ్లీ రెక్కను చూశారు.

"ఆ గది మూసుకోలేదు కాబట్టే ఇది వేరే పురుగని పది పేజీలు రాశాను," అన్నారు చివరికి. "దాని పక్కనే మూసేసిన బొమ్మ పెట్టి పంపిస్తున్నానన్నమాట."

"తప్పు నాదేనండి."

"నీదే. నాకూ వాటా ఉంది. బొమ్మ చూసి మురిసిపోయానే గానీ పక్కన రెక్క పెట్టుకుని చూడలేదు. అది సరే, లేనిదాన్ని ఎందుకు కలిపావు?"

శివపార్వతి చెప్పింది. సగం ముగ్గు, వాన, సాయంత్రం పాప కళ్లు పైకి వెళ్లిపోవడం. చెబుతూ ఆవిడ నవ్వుతారేమోనని మొహం చూసింది. నవ్వలేదు.

"వయసు మీద పడి నా చేతికి వణుకొచ్చింది, ఆ సిరా గీత నేను గీకలేను. నీకు భయమైతే ఇవాళ పంపొద్దులే. ఇంకెవరి చేతనైనా..."

"వద్దండి. నేనే తీస్తాను."

కొత్త బ్లేడు సగానికి విరిచి ఇచ్చారు మేడం. బియ్యపుగింజంత కూడా లేని గీత అది. బ్లేడు అంచు ఆనించి ఒక్కసారి గీకింది శివపార్వతి. లేచి వెళ్లి పాప నుదురు ముట్టుకుంది. వచ్చి మళ్లీ గీకింది. మళ్లీ లేచింది.

"పాపని నేను ఒళ్లో పెట్టుకుంటాను, నువ్వు కానీ."

"అక్కడే ఉండనీయండి మేడం. నాకు కనిపించాలి."

కుర్చీని సోఫా పక్కకి, బల్లను కుర్చీ దగ్గరికి ఇద్దరూ కలిసి జరిపారు. నల్లసిరా పొడిపొడిగా లేచింది. ఊదితే కింద తెల్లటి కాగితం. ఇంకాస్త గీకింది. తిరిగి కలపమని వేళ్లు లాగుతున్నాయి. పెన్ను అందకుండా దూరంగా నెట్టేసి, రెండో ఈనె కొస దాకా గీకి, అడుగున మిగిలిన పెన్సిలు చుక్కను కూడా తుడిచేసింది. గది తెరుచుకుంది.

థర్మామీటరు పెట్టి చూసింది. తొంభై తొమ్మిదే. తగ్గలేదు, పెరగనూ లేదు.

కాలింగ్ బెల్ మోగింది. కొరియరతను. మేడం బొమ్మ చుట్టబోతుంటే శివపార్వతి కాగితం అంచు పట్టుకుంది.

"తల కూడా చూద్దాం మేడం."

"తలకేమైంది?"

"ఎడమ మీసం కొస విరిగిపోయిందండి ఆ పురుగుకి. విరిగినట్టే గీశానో, కుడిదాన్ని చూసి పూర్తి చేసేశానో గుర్తు రావట్లేదు."

సుందరి మేడం గడియారం చూశారు. తలుపు తీసి, "ఏమీ అనుకోకండి, ఒక పది నిమిషాలు కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?" అన్నారు కొరియరతనితో. తిరిగొచ్చి తల ఉన్న గాజుపలక పెట్టెలోంచి తీశారు.

శివపార్వతి మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. ఎడమ చెయ్యి వెనక్కి చాచి, తువ్వాలు కింద పాప పాదాన్ని వెతికి పట్టుకుంది.