డిస్కు మీద బొట్టు

హేమలత ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కాపురానికి వచ్చినప్పుడు, చీరల పెట్టెలో అడుగున ఒక ఆట డిస్కు తెచ్చుకుంది. ఇద్దరు కలిసి పొలం చేసుకునే ఆట. పదో తరగతి సెలవుల్లో వాళ్లన్న కొనిచ్చాడు. పెళ్లికూతురి పెట్టెలో అలాంటి వస్తువు చూసి ఆడబిడ్డలు బుగ్గలు నొక్కుకున్నారు గానీ, ధనుంజయకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మగ్గం దిగితే గేము, గేము వదిలితే మగ్గం అన్నట్టు బతికే మనిషి. కొత్త పెళ్లాంతో ఏం మాట్లాడాలో తెలియక గోడలు చూస్తూ కూర్చున్నవాడు, ఆ డిస్కును చూడగానే తన గేము మిషన్ ప్లగ్గు పెట్టాడు.

వాళ్ల కాపురం అట్లా మొదలైంది. టీవీ ముందర చాప వేసుకుని, చెరో రిమోటు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ మడికి నీళ్లు పెట్టు, గొర్రెలను ఇటు తోలు అని చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఉండగా అసలు మాటలు కూడా వచ్చాయి. ఆమెకు వంకాయ పడదని, అతనికి మజ్జిగ లేకపోతే ముద్ద దిగదని, అతని నాయన చనిపోయిన ఏడు ఆ ఇంట్లో ఎట్లా గడిచిందో, అన్నీ ఆ పొలం గట్టు మీదే తెలిశాయి. ఆటలోని ఊళ్లో వాన వేళకు పడేది. ఆ ఆటలో అదొక్కటే అబద్ధమని హేమలత నవ్వేది.

పోయిన సంవత్సరం వాళ్ల వీధికి నెట్టు వైరు వచ్చింది. అదే ఆట మిషన్‌లోనే అమ్ముతుంటే ధనుంజయ తన పేరు మీద కొనేశాడు. ఇంక డిస్కు పెట్టే పని లేదు, తీసే పని లేదు, గీతలు పడతాయన్న భయమూ లేదు. పాత డిస్కు అతని కంటికి నూలు అయిపోయిన కండెలాగా కనిపించింది. ఆదోని బస్టాండు పక్కన పాత డిస్కులు మార్చుకునే హరికృష్ణ కొట్టు ఉంది. అక్కడ దాన్ని ఇచ్చి ఒక కుస్తీల ఆట తెచ్చుకున్నాడు. మూత వంగిన పెట్టె వద్దని హరికృష్ణ అంటే, ఆ ఖాళీ పెట్టెను తెచ్చి మళ్లీ గూట్లోనే పెట్టాడు. హేమలతను అడగాలని అతనికి తోచలేదు. ఆట ఇంట్లోనే ఉంది కదా, ఇంక అడిగేదేముంది?

ఈ ఏడు దసరా దగ్గర పడుతుండగా టీవీ తెరలో ఆ ఆట బొమ్మ మీద తాళం గుర్తు వచ్చింది. నొక్కితే, ఈ ఆటను వాడుకునే హక్కు ముగిసిందని రాసి ఉంది. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. ఇన్నేళ్ల పొలమూ గొర్రెలూ మిషన్ లోపలే ఉన్నాయి, తలుపు మాత్రం తెరుచుకోదు.

"ఈపొద్దు పొలానికి పోదామా?" అని హేమలత మగ్గం గుంతలోంచే అడిగింది.

"టీవీ సరిగా లేదు లే," అన్నాడు ధనుంజయ.

తాళం ఒక్కటే అయితే ఏదో సర్ది చెప్పేవాడే. ముందర ఆయుధపూజ ఉంది. ఆ రోజు మగ్గం ఆడదు. పనిముట్లన్నీ కడిగి బొట్లు పెడతారు. వాళ్ల వాడలో ఒక పట్టింపు ఉంది: బొట్టు వస్తువుకే పెట్టాలి, దాని సంచికో పెట్టెకో కాదు. పోగు నడిపే నాడెను బయటికి తీసి నాడెకే, కత్తెరను బయటికి తీసి కత్తెరకే. హేమలత తన డిస్కును కూడా ఆ వరసలోనే చేర్చి, బొమ్మ ఉన్న వైపు అంచున చిన్న బొట్టు పెట్టేది. పోయినేడు అతను టెంకాయలు తెచ్చేసరికి పూజ సామానంతా సర్దేసి ఉంది, పెట్టె గూట్లో ఉంది, ఆమె పల్లెత్తు మాట అనలేదు. మరిచిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ప్రతి ఏడూ మరిచిపోతుందా? పండగ ముందు రోజు కుస్తీల డిస్కును సంచిలో వేసుకుని ఆదోని బస్సెక్కాడు.

"దుడ్లు పెట్టి కొన్న గదన్నా, తాళం ఎట్లేస్తారు?" అని హరికృష్ణ దగ్గర మొర పెట్టుకున్నాడు.

హరికృష్ణ నవ్వాడు. "నువ్వు ఆటను యాడ కొన్నావప్పా? ఆడుకునే పర్మిషన్ కొన్నావు. కొనేటప్పుడే కింద రాసింటారు, ఎవురు సదువుతారు? వాళ్లు వద్దనుకున్నపొద్దు తాళమేసుకుంటారు."

"మరి నా డిస్కు?"

"అది యాడికి పోతాది? ఎవురో ఒకరింట్ల తిరుగుతాంటాది." కొంచెంసేపు గడ్డం గోక్కుని, "జిన్నింగు మిల్లు మాదన్న తీసుకపోయినాడు. ఇల్లు ఆ మిల్లు ఎనకాలే," అన్నాడు.

మాదన్న అప్పుడే పని దిగి వచ్చినట్టున్నాడు, తల నిండా దూది పీచు. డిస్కు మాట ఎత్తగానే లోపలికి చెయ్యి చూపించాడు. "ఆడేది నేను కాదప్పా, మా ఇంటామె." లోపల అతని భార్య మహాదేవి టీవీ ముందర కూర్చుని ఆటలోని జొన్న పొలంలో కలుపు తీస్తోంది. ధనుంజయ సంగతి చెప్పాడు. ఆమె ఆట ఆపి, డిస్కు బయటికి తీసి చూపించింది. బొమ్మ అంచున హేమలత పెట్టిన బొట్టు వెలిసిపోయి ఉంది. దాని పక్కనే ఇంకొకటి, కొంచెం పెద్దది.

"ఇదెవురు పెట్టినారక్కా?"

"నేనే అన్నా. పోయినేడు ఆయుధపూజకు మా ఆయన పానాలూ సుత్తులూ కడిగి పెట్టినాడు. ఇది సూస్తే ముందే ఎవురో బొట్టు పెట్టిండారు. బొట్టు ఉన్నదాన్ని ఇడిసిపెట్టి మిగతావాటికి పెట్టేకి మనసు రాలే."

సంచిలో ఉన్న కుస్తీల డిస్కును బయటికి తీయడానికి ధనుంజయకు చెయ్యి రాలేదు. అది హేమలత వస్తువని, ఆమెకు చెప్పకుండానే ఇచ్చేశానని మాత్రం ఒప్పుకున్నాడు.

"బలేవోడివప్పా!" అన్నాడు మాదన్న.

మహాదేవి డిస్కును కొంగుతో తుడిచింది, బొట్ల మీద చెయ్యి పడకుండా. "మొత్తానికే ఇచ్చేకి నాకు కాదన్నా. అది లేకుంటే నా పొలం తెరుసుకోదు. అయినా పండగ గదా. తీసుకపోయి ఆయమ్మతో బొట్టు పెట్టించుకుని, మల్లా తెచ్చియ్యి."

"నన్ను నమ్ముతావా అక్కా? నువ్వు నన్నిప్పుడే గదా సూస్తాండేది."

"ఇచ్చేది డిస్కే గదా, ఇల్లేం కాదు. తీసుకపో."

బస్సులో ఆ డిస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో మిషన్ నిండా ఆటలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఇట్లా పండక్కని ఎవరి చేతిలోనూ పెట్టలేడు. ఊరూ పేరూ తెలియని మనిషి తన పొలం ఆపుకుని మరీ ఇచ్చింది. తను కట్టుకున్నదాన్ని ఒక్క మాట అడగలేకపోయాడు. అతనికి సిగ్గేసింది.

ఇల్లు చేరేసరికి హేమలత పూలకని అంగడికి పోయింది. మంచిదే అనుకున్నాడు. గుట్టుచప్పుడు కాకుండా డిస్కును దాని చోట పెట్టేస్తే ఈ గండం గడుస్తుంది. తర్వాతి సంగతి తర్వాత. గూట్లోంచి పెట్టె తీసి మూత తెరిచాడు. డిస్కు కూర్చునే గుండ్రటి చోట, నడిమధ్యన, పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఎండి, పొడి రాలుతోంది.

అతను ఆ పెట్టెను అట్లాగే పట్టుకుని ఉండగా హేమలత పూలబుట్టతో లోపలికి వచ్చింది.

"పోయినేడే సూసినావా?" అన్నాడు.

"సూసినా."

"మరి అడగలేదేమి?"

"నువ్వే సెప్తావని సూస్తాంటి."

"ఖాళీ పెట్టెకు బొట్టేమిటికి పెట్టినావే?"

హేమలత బుట్టను గట్టు మీద పెట్టింది. "ఆట నీ మిషన్లోకి పాయె. పేరు నీది, పాస్‌వర్డు నీది. నాదని ఈ పెట్టె ఒకటే మిగిలె. దీనికి పెట్టక దేనికి పెట్టాల?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ధనుంజయకు అనిపించింది. తప్పయిందని చెప్పి, తాళం గుర్తు దగ్గర్నుంచి మాదన్న ఇంటి దాకా జరిగినదంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆమె డిస్కును వెలుతురులోకి తిప్పి, రెండో బొట్టును వేలితో తడిమింది.

"ఏమేస్తాదంట ఆయమ్మ పొలంల?"

"జొన్న."

"తెలివైందే, వానను నమ్మలే," అంది హేమలత, ఆ పూటకు మొదటిసారి నవ్వుతూ.

మరునాడు ఆ రెండింటి పక్కన మూడో బొట్టు పెట్టింది. డిస్కు వేయగానే పొలం తలుపు తెరుచుకుంది. మగ్గం ముట్టకూడని రోజు కాబట్టి భోజనాలు కాగానే ఇద్దరూ చాప మీద చేరారు. పండిన పైరు కోశారు, గొర్రెలను దొడ్లోకి తోలారు. చివర్లో హేమలత గట్టు వెంబడి ఊరికే ఒక చుట్టు తిరిగింది. ధనుంజయ ఉండబట్టలేక, "మాదన్నోళ్లకు ఇట్లాంటిదే ఇంకోటి ఎతికిస్తా. దీన్ని మనమే పెట్టుకుందామా?" అన్నాడు.

హేమలత లేచింది. డిస్కు తీసి పెట్టెలో పెట్టి, "ఆదోనికి నేనూ వస్తా," అంది.

దసరా వెళ్లాక ఇద్దరూ మాదన్న ఇంటికి పోయారు. హేమలత డిస్కును పెట్టెతో సహా మహాదేవి చేతిలో పెట్టింది.

"పెట్టె ఏమిటికమ్మా? డిస్కు తెచ్చినారు, అంతే సాలు."

"దాని పెట్టె దానితోనే ఉండాల. పెట్టుకో అక్కా."

ధనుంజయ ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "నీదని అదొకటే ఉండె గదా హేమా."

"నాదే. అందుకే ఇస్తాండా," అంది హేమలత, గొంతు తగ్గించకుండానే. "ఆపొద్దు నువ్విచ్చినావు. ఈపొద్దు నేనిస్తాండా."

మహాదేవి మూత తెరిచి డిస్కు పైకి తీసింది. దాని కింద ఎండిన పసుపూ కుంకుమా చూసి, ఒక్క క్షణం హేమలత ముఖం వైపు చూసింది. డిస్కును మిషన్‌లో వేసి, చాప దులిపి పరిచి, ఒక రిమోటు హేమలత చేతికిచ్చి రెండోది తను తీసుకుంది.

ధనుంజయ గడప దగ్గర కూర్చుని వాళ్లు జొన్న చేలో దిగడం చూశాడు. అతనికి రిమోటు ఎవరూ ఇవ్వలేదు.