కొత్త గొట్టంలో వాసన

పొద్దున్నే దేవుడి ముందు అగరొత్తు వెలిగించిన ప్రతిసారీ ఆయనకు ఒకటే అనుమానం. ఈ వాసన నిజంగా ముక్కుకు తగులుతోందా, లేక చిన్నప్పటి నుంచీ ఎరిగిన వాసన గనక మనసే గుర్తు చేసి పెడుతోందా? కళ్లు మూసుకుని గట్టిగా పీల్చేవాడు. ఉన్నట్టే ఉండేది. కళ్లు తెరిచి చూస్తే ఒక్కోసారి అగరొత్తు ఎప్పుడో ఆరిపోయి ఉండేది. "స్వామీ, నాకే అందని వాసన నీకు పెడుతున్నాను. దీన్ని పూజ అనుకుంటావా, మోసం అనుకుంటావా?" అని అడిగేవాడు. ఏళ్ల తరబడి ఇదే వరస.

ఇంకొకరికైతే ఇదంత పెద్ద బెంగ కాకపోవచ్చు. ఆయన ఉద్యోగమే వాసన. నేలలోంచి తీసే గ్యాసుకు సొంతంగా ఏ వాసనా ఉండదు. ఇంట్లో లీకైతే మనుషులకు తెలియాలి కదా అని, స్టేషన్లో దానికి ఒక కంపు మందును చుక్కలు చుక్కలుగా కలుపుతారు. ఆ మందు కలిపేదీ ఆయనే, గొట్టం చివర నిలబడి పీల్చి "అందింది" అని చెప్పేదీ ఆయనే. తోటివాళ్లు ముద్దుగా ముక్కాయన అని పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన మాట మార్చేవాడు.

మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చాడంటే, పక్కవాళ్ల మొహాలు చూసి. గొట్టం తెరవగానే పక్కవాడు మొహం చిట్లించి అడుగు వెనక్కి వేసేవాడు. "ఆ, అందింది" అనేవాడు ఈయన. ఎప్పుడూ తప్పు జరగలేదు. తప్పు జరగలేదు కాబట్టి అనుమానాన్ని అగరొత్తు దాకానే ఉంచుకున్నాడు.

అనుమానం మొదలైన రోజు మాత్రం బాగా గుర్తుంది. భార్య పుట్టింటికి వెళ్లింది. ఈయన పొయ్యి మీద పాలు పెట్టి ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాడు. పాలు పొంగి మంట ఆరిపోయింది. పక్కింట్లో బట్టలు కుట్టుకునే అక్క "గ్యాసు! గ్యాసు!" అంటూ చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టెతో సహా పరుగెత్తుకొచ్చింది. పొయ్యి కట్టేసి, వంటగది కిటికీ బిగుసుకుపోయి ఉంటే ఆ పెట్టెతోనే అద్దం పగలగొట్టింది. అద్దంతో పాటు పెట్టె పిడీ విరిగింది.

"ఇంత కంపులో కూర్చుని పేపరెలా చదువుతున్నావయ్యా?" అందావిడ.

"నా యూనిఫాం వాసన అనుకున్నానక్కా. ఆ పిడి నేను వేయించి ఇస్తాలే" అన్నాడు.

వేయించలేదు. ఖర్చని కాదు. పిడి వేయిస్తే ఆ రోజు జరిగింది నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. ఆవిడ విరిగిన పిడికి పాతగుడ్డ చుట్టుకుని అలాగే ఇస్త్రీ చేసుకుంటోంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ అడగకపోవడమే ఈయనకు కష్టంగా ఉండేది.

ఇప్పుడు కొత్త గొట్టం వచ్చింది. ఓడల్లో వచ్చే గ్యాసును దించడానికి రేవు కట్టి, అక్కడి నుంచి ఊరవతల కొత్తగా లేచిన పవర్ స్టేషన్ దాకా ఉక్కు గొట్టం వేశారు. దారిలో ఒక పాయను ఈయన వీధికి తిప్పారు. ఆ సాయంత్రం పవర్ స్టేషన్ మొదటి యూనిట్ తిరగాలి, దాని కరెంటు గ్రిడ్డులో కలవాలి. వీధిలో పొయ్యిలూ అప్పుడే వెలగాలి. వేసవంతా కరెంటు కోతలతో వేగిపోయిన జనం ఆ రోజు కోసం ఎదురుచూస్తున్నారు. గొట్టం చివర నుంచి ముక్కాయన "అందింది" అంటే తప్ప పవర్ స్టేషన్ వాల్వూ, వీధి వాల్వూ తెరవకూడదని నియమం.

వీధి చివర బారికేడ్ల మధ్య సన్నటి పరీక్ష గొట్టం నిలబెట్టారు. ఫోన్లు అవతల పెట్టెలో పడేసి ఇద్దరే లోపలికి వెళ్లారు. రెండోవాడు వాల్వులు తిప్పే ఆయన. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

కుళాయి కాస్త తిప్పారు. సన్నగా బుస్సుమంది. చేతిలోని మిషన్ గ్యాసు వచ్చిందని చూపించింది. వాసన ఉందో లేదో మిషన్‌కు తెలియదు.

ముక్కాయన వంగి పీల్చాడు. చల్లగాలి. అంతే.

అలవాటుగా పక్కవాడి మొహం చూశాడు. వాల్వులాయన కుళాయి తిప్పకముందు నుంచే మొహం చిట్లించి ఉన్నాడు.

"ఏం బావా, వస్తోందా?"

"రాక ఎక్కడికి పోతుంది? పొద్దున మందు డ్రమ్ములు ఎత్తింది నేనేగా. నా చేతులు చూడు. మా ఆవిడ ఇవాళ నన్ను అరుగు మీదే పడుకోబెడుతుంది."

"చేతులు వెనక్కి పెట్టుకుని గొట్టం దగ్గర చూడు."

అతను వంగి చూశాడు. "వస్తోంది. అయినా నువ్వుండగా నన్నడుగుతావేంటి బావా? వంటవాడు వడ్డించేవాణ్ణి ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టుంది."

వచ్చింది గొట్టం వాసనో అతని చొక్కా వాసనో ఎవరు చెప్పాలి? ముక్కాయన మళ్లీ పీల్చాడు. తన ముక్కు చచ్చిపోయి ఉండాలి, లేదా గ్యాసుకు వాసన లేకపోయి ఉండాలి. మొదటిదైతే ఉద్యోగం పోతుంది. రెండోదైతే ఈ వీధిలో ఏ రాత్రో ఎవరింట్లోనో కుళాయి వదులైతే ఎవరికీ తెలియదు, దీపం స్విచ్ వేసేదాకా. ఎదురింటి ముసలమ్మ అప్పుడే కొత్త పొయ్యి మీద గిన్నె పెట్టుకుని కూర్చుంది. తన ఇంట్లో భార్య కొత్త పొయ్యి తుడిచి, బొట్టు కూడా పెట్టింది.

బారికేడ్ అవతల ఫోను మోగింది. వెళ్లి తీశాడు. ఇంజనీరు.

"ఏమండీ, అందిందా? పవర్ స్టేషన్ వాళ్లు పైనుంచి నా ప్రాణం తీస్తున్నారు."

ఒక్క మాట. ఎప్పుడూ అనే మాటే. నాలుక చివర దాకా వచ్చింది.

"కాసేపు ఆగండి మేడమ్."

"ఏమైనా సమస్యా?"

"సమస్యో కాదో తేల్చుకుందామనే."

కాళ్లు వాటంతటవే పక్కింటికి తీసుకెళ్లాయి. అక్క గుడ్డ చుట్టిన పిడి పట్టుకుని ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"అక్కా, ఒకసారి వీధి చివరకు రావాలి."

"దేనికి? పెళ్లిచూపులకా?"

"వాసన చూడటానికి."

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ముక్కుతో జీతం తీసుకునేది నువ్వు. పీల్చేది నేనా?"

"నా ముక్కు మీద నాకు నమ్మకం లేదక్కా." అనేశాక తెలిసింది, ఆ మాట పైకి అనడం అదే మొదటిసారని.

ఆవిడ నవ్వలేదు. "పాలు పొంగిన రోజే నాకు తెలుసు నాయనా. నీకెప్పుడు తెలుస్తుందా అని చూస్తున్నాను" అంది. చెప్పులు వేసుకుంటూ, "పెట్టె కూడా తేనా? ఈసారి ఎవరి అద్దం పగలగొట్టాలి?"

"అమ్మా తల్లీ, ప్లగ్ పీకి ఇక్కడే పెట్టు. అక్కడికి అగ్గిపుల్ల కూడా తేకూడదు."

బారికేడ్ దగ్గర వాల్వులాయన నోరు తెరిచాడు. "బావా, ఇదేంటి, జనాన్ని పోగేస్తున్నావు?"

"నువ్వు కాసేపు గాలివాలుకు దూరంగా నిలబడు. నేనూ నిలబడతాను. అక్కా, ముందు నా చొక్కా చూడు."

ఆవిడ మూర అవతల నుంచే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "చాలు, చాలు. రోజూ గోడ అవతలికి వచ్చేదేగా."

"ఇప్పుడు గొట్టం."

ఇద్దరూ దూరం జరిగారు. ఆవిడ కొంగు తీసి, వంగి, పీల్చింది. మళ్లీ పీల్చింది. ఆ కాసేపూ ముక్కాయన తన దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తెలియక నిలబడ్డాడు. వాసన రావాలని అడిగితే తన పని అయిపోయినట్టే. రాకూడదని అడిగితే వీధి ఏమైపోవాలి? చివరికి "నిజం ఏదైతే అది చెప్పించు" అనుకున్నాడు.

"ఏమీ లేదు. చల్లగా గాలి కొడుతోంది. నీ చొక్కాకున్న కంపులో నూరో వంతు లేదు దీనికి" అంది అక్క.

ఆయన ఫోను దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. ఇంజనీరు వెంటనే కారణం పట్టేసింది.

"కొత్త ఉక్కు గొట్టం వాసన తాగేస్తుందండీ, కొత్త కుండ నీళ్లు తాగినట్టు. అందుకే వారం నుంచి మందు ఎక్కువ వేయిస్తున్నాం. చాలలేదన్నమాట. వీధి వాల్వు ముట్టుకోకండి. పవర్ స్టేషన్లో ఎక్కడికక్కడ లీకు పట్టే మిషన్లున్నాయి, వాళ్లు వాసన మీద ఆధారపడరు. పైవాళ్లతో మాట్లాడి అటు వదిలిస్తాను." ఊపిరి తీసుకుంది. "మంచి పని చేశారు. అయితే మీకూ రాలేదన్నమాట?"

మీకూ. ఆ ఒక్క దీర్ఘంలో ఆయన ఉద్యోగం భద్రంగా ఉంది. "అవును మేడమ్" అంటే అబద్ధం కూడా కాదు. గొట్టంలో లేని వాసన ఎవరికైనా ఎలా వస్తుంది? గోడ పక్కన అక్క చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది, ఇటు చూడకుండా.

"నాకు రాలేదు మేడమ్. కానీ నాకు నా చొక్కా వాసన కూడా రాదు. చాలా ఏళ్లయింది."

వాల్వులాయన దూరం నుంచి చేతులతో సైగ చేస్తున్నాడు, ఏమైందని.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్లండి" అంది ఇంజనీరు చివరికి. కోపం లేదు, కానీ మెత్తదనం కూడా లేదు. "ఇక మీరు గొట్టం దగ్గర నిలబడొద్దు. ఏ పని ఇవ్వాలో, అసలు ఇవ్వగలనో లేదో తర్వాత చూస్తాను."

ఆ సాయంత్రం ఊరవతల పవర్ స్టేషన్ పొగగొట్టం మీద ఎర్రదీపం వెలిగింది. వీధి దీపాలు ఒకసారి ముడుచుకుని మళ్లీ నిండుగా వెలిగాయి. కరెంటు పోలేదు. పొయ్యిలు మాత్రం వెలగలేదు. ఆయనకు వాసన తెలియదన్న సంగతి అప్పటికే వీధంతా పాకింది. ఎదురింటి ముసలమ్మ గిన్నె దించుకుంటూ వీధంతా వినబడేలా ముక్కాయన ముక్కును తిట్టింది. ఆయన భార్య వాకిట్లో నిలబడి అంతా విని లోపలికొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదండీ ఇన్నాళ్లూ?"

"నాకు నేనే చెప్పుకోలేదు."

ఆవిడ పాత సిలిండర్ స్టవ్ మీదే అన్నం వండి పెట్టింది.

డాక్టరు రెండు మూడు సీసాలు ముక్కు కింద పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఉద్యోగం పోలేదు గానీ పని మారింది. మందు గది తాళం వేరేవాళ్ల చేతికి వెళ్లింది. ఈయన్ని మీటర్లు చూసే గదిలో, అనుభవం లేనివాళ్ల జీతానికి కూర్చోబెట్టారు. ముక్కాయన అని పిలవడం మానేశారు. ఆ పేరు లేకుండా తిరగడం మొదట్లో తలపాగా తీసేసినట్టుండేది.

కొద్దిరోజులకు గొట్టం కడుపు నిండింది. ఇంజనీరు పిలిపిస్తే అక్కే వెళ్లి పీల్చి, అడుగు వెనక్కి వేసి, "అబ్బ, వచ్చింది దిక్కుమాలిన కంపు" అందట. వీధిలో పొయ్యిలు వెలిగాయి.

మర్నాడు పొద్దున ఆయన అగరొత్తు వెలిగించి, కళ్లు మూసుకోకుండా భార్యను అడిగాడు. "వస్తోందా?"

"వస్తోంది" అందావిడ వంటింట్లోంచి.

దండం పెట్టుకుని, స్క్రూడ్రైవరూ, బజార్లో వెతికి తెచ్చిన చెక్కపిడీ పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. ఆయన చేతిలో పిడి చూసింది అక్క. ఇస్త్రీపెట్టె ఆయన ముందుకు తోసింది. పాతగుడ్డ మీద గుడ్డ, దాని మీద గుడ్డ, అన్నీ మాడిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టాడు. విరిగిన ముక్క ఊడదీసి, కొత్త పిడి బిగించి, కదిలించి చూసి, ఇంకో చుట్టు బిగించాడు.

అక్క పెట్టె ఎత్తి చూసింది. "కొంచెం లావుగా ఉంది" అంది.

"అరగదీసి ఇవ్వనా?"

"వద్దులే. చెయ్యి అలవాటు పడుతుంది" అంటూ పాతగుడ్డలన్నీ ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసింది.