ఇల్లు చూసి ఇచ్చిన అప్పు

అప్పు అడిగినవాళ్ళ కాగితాలు మా మావయ్య చివర్న చూస్తాడు. ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళి వంటిల్లు చూస్తాడు. మా తాతగారు పెట్టిన చిన్న ప్రైవేటు బ్యాంకు మాది. ఈ అలవాటూ ఆయన నుంచి వచ్చిందే. లెక్కలు చూసే నాకు అది చాదస్తంగా అనిపించేది.

ఆ బుధవారం ఆర్థిక శాఖ కార్యదర్శి స్వయంగా మా గడప తొక్కాడు. ఖజానా అడుగంటింది. శుక్రవారం లోగా పాత బాండ్ల బాకీ తీర్చకపోతే ప్రభుత్వం దివాలా తీసినట్టే. సోమవారం పింఛన్లు ఉండవు. కొత్త బాండ్లు కొనమని ఆరుగురు బ్యాంకర్లను అడిగాడు. మిగతా అయిదుగురూ మావయ్య సంతకం కోసం కాచుకుని ఉన్నారు. మా వంతు అంటే మా బ్యాంకులో ఉన్నది దాదాపు అంతా. మా అమ్మ దాచుకున్నదీ అందులోనే.

"ఇల్లు చూడాలండీ," అన్నాడు మావయ్య.

"ఎవరి ఇల్లు?"

"మీదే. ప్రభుత్వానిది."

"రండి, మంత్రిగారి గది చూపిస్తాను."

"ముందుగది ఎవరైనా సర్దుకుంటారు. వంటిల్లు చూపించండి."

కార్యదర్శి ఇబ్బందిగా నవ్వి, మమ్మల్ని పింఛను కార్యాలయానికి తీసుకెళ్ళాడు. ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. కిటికీ పక్కన ఒక గుమాస్తా, నడివయసావిడ, చిరిగిన రిజిస్టరు అంచుకు జిగురు రాసి కాగితం అతికిస్తోంది.

"జీతం వచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?" అడిగాడు మావయ్య.

"మూడో నెల నడుస్తోందండీ."

"మరి ఎందుకొస్తున్నారు?"

"నేను రాకపోతే బయట ఆ క్యూలో ముసలాళ్ళకి 'ఇంకా రాలేదు' అని చెప్పే దిక్కు కూడా ఉండదు కదండీ."

మావయ్య నోటికొచ్చిన ఒక పింఛను నంబరు చెప్పాడు. ఆవిడ లేచి, అరలోంచి ఫైలు తీసి, దుమ్ము దులపకుండానే ఆయన చేతిలో పెట్టింది. దులపడానికి దాని మీద దుమ్ము లేదు.

తిరిగొచ్చి ఆయన సంతకం పెట్టాడు. నేను కాగితం వైపు కాదు, ఆయన ఎడమచేతి వైపు చూశాను. బొటనవేలి గోరుతో చూపుడువేలిని గీరుతున్నాడు. అత్తయ్య ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలోనూ అలాగే గీరాడు. అది భయమని అప్పుడు నాకు తట్టలేదు; ఈ రోజు వరకూ ఆయనకు భయం తెలియదనే అనుకున్నాను. ఆ నమ్మకంతోనే, నాకు తెలియకుండా, నా పిరికితనాన్ని క్షమించుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ సాకు పోయింది. భయం ఇద్దరిదీ ఒకటే. ఆయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకుంటున్నాడు.

"షరతులేమైనా ఉన్నాయా?" అడిగాడు కార్యదర్శి.

"ఒకటే. ఆ గుమాస్తాలకి ముందు జీతాలివ్వండి. అలాంటివాళ్ళున్న ఇల్లు కూలదు. వాళ్ళు వెళ్ళిపోతే మాత్రం మీ బాండ్లు పొట్లాలు కట్టుకోడానిక్కూడా పనికిరావు."

సాయంత్రానికి మిగతా అయిదుగురూ సంతకాలు పెట్టారు.

ఇంటికి వస్తుంటే మావయ్య అన్నాడు: "ఆ డబ్బు ఎక్కడ పెట్టామో మీ అమ్మకి చెప్పు."

"నీ అక్కే కదా, నువ్వే చెప్పు మావయ్యా."

"అమ్మో! దానికన్నా ప్రభుత్వాన్ని నిలబెట్టడమే తేలిక."

నవ్వుతూ పెన్ను నా చేతికిచ్చాడు. ఆయన అరచేతి చెమటతో ఇంకా తడిగా ఉంది. నేను తుడవలేదు.

సోమవారం పింఛను కౌంటరు వేళకే తెరుచుకుంది. అమ్మకు మాత్రం నేనే చెప్పాను.