బ్రష్షులు లేని చక్రం

నాయుడుపేట దగ్గరి ఫ్యాక్టరీలో రెండోసారి కూడా తీగలు తెగాయి.

కొండల్లోని జలవిద్యుత్ కేంద్రానికి చేస్తున్న పెద్ద జనరేటర్ అది. దాని మధ్యలో తిరిగే రోటార్ అయస్కాంతం కావాలంటే లోపలికి కరెంటు పంపాలి. ఇన్నాళ్లూ ఆ పని బొగ్గు బ్రష్షులు చేసేవి. అవి అరిగి పొడి రాలినప్పుడల్లా మెషీన్ ఆపాల్సిందే. ఇక్కడి ఇంజనీరు యాస్మిన్ డిజైన్‌లో బ్రష్షులు లేవు. రోటార్‌తో పాటే తిరిగే చక్రంలోని డయోడ్లు కరెంటును అందిస్తాయి. కానీ నీళ్ల ఉరవడికి మెషీన్ అదుపు తప్పినా తట్టుకోవాలని చక్రాన్ని రెట్టింపు వేగంతో తిప్పి చూస్తే, డయోడ్ల తీగలు నిలవడం లేదు.

"ఇంగ చాలమ్మా, పాత మాదిరి బ్రష్షులే పెట్టేద్దాం," అన్నాడు పై ఇంజనీరు పరాశర్.

"ఒక్క వారం ఇవ్వండి సార్."

ఆదివారం యాస్మిన్, తెగిన తీగ పట్టుకుని, ఇంటికని చిత్తూరు బస్సెక్కింది. తండ్రి వలి బాషా నలభై ఏళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ కడుతున్నాడు. తీగను వెలుతురుకు పెట్టి చూసి, చక్రంలో అది ఎట్లా ఉంటుందో కూతుర్ని అడిగి తెలుసుకున్నాడు.

"దీన్ని గాల్లో ఎందుకు వదిలినావమ్మీ?"

"రెండోసారి మందం పెంచినా కదా, అబ్బా!"

"మందం పెంచితే బరువు పెరగదా? బరువు పెరిగితే ఇంగా గట్టిగా లాగతాది. తిరిగేది బయటికే పోతాది, పోనీ. ఆనుకునేదానికి చోటు సూపీ."

యాస్మిన్‌కు చురుక్కుమంది. ఇన్నాళ్లూ తాను బయటికి లాగే ఆ బలంతో కుస్తీ పట్టిందే గానీ దాన్ని వాడుకోలేదు.

మరునాటి నుంచి తీగలన్నీ విప్పి, సన్నవి తెచ్చి, చక్రం లోపలి అంచుకు ఆనించి, గాజునూలు టేపుతో తానే కట్టింది. వేళ్లు కోసుకుపోయాయి. నచ్చని కట్లు ఊడదీసి మళ్లీ కట్టింది.

శుక్రవారం చక్రం తిరిగింది. రెండుసార్లు తీగలు తెగిన వేగం దాటింది. రెట్టింపు దగ్గర రెండు నిమిషాలు నిలిచింది. ఒక్క తీగా తెగలేదు. పరాశర్ చప్పట్లు కొట్టాడు.

చక్రం ఆగాక యాస్మిన్ లైటు పట్టుకుని ఒక్కో కట్టూ తడిమింది. ఒకచోట టేపు అంచు గోరంత లేచింది.

"సార్, ఇది ఊడదీసి కడతాను. మళ్లీ తిప్పుదాం."

"పాసయింది కదమ్మా! ఇంగేం?"

"ఆ కొండల్లోకి పోయినాక దీన్ని ఎవురూ ఇప్పి సూడరు సార్. ఈడే సూడాల."

పరాశర్ ఆమె ముఖంలోకి చూసి, పరీక్ష కాగితం మీద పెట్టబోయిన సంతకం ఆపేశాడు.

సోమవారం చక్రం మళ్లీ తిరిగింది. ఈసారి ఏ కట్టూ కదల్లేదు. మధ్యాహ్నానికి దాన్ని లారీ ఎక్కించారు.